వాడే వీడని ఎవరనాలి?

బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో దసరా కోసం ఏటా ఒక రథాన్ని కొత్త కలపతో కడతారు. మన లెక్కలో ఆషాఢ అమావాస్య, వాళ్ల లెక్కలో శ్రావణ అమావాస్య అయిన హరేలీ నాడు అడవి నుంచి తొలి దుంగ వస్తుంది. దంతేశ్వరి గుడి ముందు ఆ దుంగకు మేకులు కొట్టి, గుడ్డూ చేపా నైవేద్యం పెట్టి పూజ చేస్తారు. దీన్ని పాట్ జాత్రా అంటారు. డెబ్బై అయిదు రోజుల పండుగకు అదే మొదలు. ఆ తరువాత ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ అనే రెండు ఊళ్ల మనుషులు బాడిశలు, గొడ్డళ్లు పట్టుకుని దిగుతారు. సాల దుంగల్ని చెక్కి చక్రాలు చేస్తారు. సాల అంటే మన గుగ్గిలం చెట్టే, అక్కడ సర్గి అంటారు. లాగే మోకులు పేనే ఊళ్లు వేరు, పెద్ద రథాన్ని లాగే కిలేపాల్ మాడియా గిరిజనులు వేరు. ఇంత కొత్త సరంజామాతో తయారైన రథాన్ని చూపించి, ఇది బస్తర్ రాజు పురుషోత్తమదేవుడు పూరీ జగన్నాథుడి దగ్గర రథపతి బిరుదు పొంది వచ్చిన నాటి నుంచీ నడుస్తున్న రథమేనని చెబుతారు. పురుషోత్తముడిది 15వ శతాబ్దం. ఆ కాలపు చెక్కపేడు ఒక్కటి కూడా ఇందులో ఉండదు. అయినా ‘ఇది ఆ రథమేనా’ అని అక్కడ ఎవరికీ సందేహం రాదు. సందేహపడేది తత్వం చదివినవాళ్లే.

ఈ సందేహం కొత్తది కాదు. బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేనుడనే భిక్షువు యవన రాజును అడిగింది రథం గురించే. ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా అని ఒక్కొక్కటే కాదనిపించి, చివరికి రథమనేది ఒట్టి వాడుక పేరేనని తేల్చాడు. మనిషీ అంతేనన్నాడు. నిన్నటివాడూ నేటివాడూ ఒకడే కాదు, అలాగని వేరూ కాదు. వేదాంతులది ఎదురుదారి. వాళ్ల ఉదాహరణ మనకు బాగా తెలిసిందే: ‘సోऽయం దేవదత్తః’, ఆనాడు అక్కడ చూసిన దేవదత్తుడే ఈనాడు ఇక్కడున్న వీడు. ఆనాటి చోటూ కాలమూ, ఈనాటి చోటూ కాలమూ తీసి పక్కన పెడితే మిగిలిన దేవదత్తుడు ఒక్కడే. వెనకటి గురువులు ఈ వాక్యం మీద ఎంతో చర్చ చేశారు. అయితే దేవదత్తుడి గురించి ఇంత మాట్లాడినవాళ్లు ఆ వాక్యం పలికినవాడిని పెద్దగా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. ‘వాడే వీడు’ అని దేవదత్తుడు తన గురించి తాను అనడం లేదు. అంతకుముందు అతణ్ణి చూసినవాడొకడు అంటున్నాడు. వాడు లేకపోతే ఆ వాక్యమే లేదు. తెలుగులో గుర్తింపు అన్న మాట ఈ సంగతిని తనలోనే దాచుకుంది. గుర్తింపు కార్డులో ఉండేది నేనెవరినన్నది. గుర్తుపట్టేది మాత్రం ఎదుటివాడు. ‘గుర్తుందా’ అంటే జ్ఞాపకముందా అని అర్థం. మనం ఎవరమన్నదీ, మనల్ని ఎవరు జ్ఞాపకం పెట్టుకున్నారన్నదీ మన భాషలో ఒకే మాట కిందికి వస్తాయి. మనిషి ఎంత మారినా అతణ్ణి అతనిగా నిలిపేది లోపలి మారని సారం కాదు, ‘ఇకనుంచి నేను ఇదీ’ అనే సొంత ప్రకటనా కాదు, మార్పు తరువాత కూడా కొనసాగే ఇచ్చిపుచ్చుకోలేనని నా వాదన. బస్తర్‌లో ఈ వాదనకు కావలసిన సాక్ష్యమూ ఉంది, దాన్ని ఇరుకున పెట్టే సాక్ష్యమూ ఉంది.

మొదట కాకతీయుల సంగతి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతికి చిక్కింది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున ప్రాణం పోయింది. తమ్ముడు అన్నమదేవుడు ఉత్తరంగా అడవులు పట్టి నడిచాడని, అతని వెనకే దేవి వచ్చిందని బస్తర్ చెప్పుకునే కథ. వెనక్కి తిరిగి చూడకుండా నడువు, నా అందెల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, ఎంత దూరం నడిస్తే అంత నీ రాజ్యం అని ఆమె మాటిచ్చింది. శంఖినీ డంకినీ నదులు కలిసే చోట ఇసుకలో అడుగులు దిగబడి అందెలు మోగలేదు. అతను తిరిగి చూశాడు. ఆమె అక్కడే ఆగిపోయింది, అదే దంతేవాడ అయింది. పారిపోయి వచ్చి కొత్తగా బతుకు మొదలుపెట్టేవాడికి వెనక్కి చూడకపోవడమే షరతు అన్నది ఏ దేశపు కథైనా చెబుతుంది. ఈ కథ విశేషం వేరే ఉంది: వెనక్కి చూసినందుకు శాపం తగల్లేదు, రాయి కాలేదు. చూసిన చోట గుడి వెలిసింది. మారినవాడు తనతో ఏం తెచ్చుకున్నాడో ఒక్కసారి తిరిగి చూసుకున్న చోటే కొత్త రాజ్యానికి నడిబొడ్డయింది. ఇంకో సంగతి, ఆ చోటు అంతకుముందు ఖాళీగా లేదు. నాగవంశపు రాజులు కొలిచిన మాణిక్యదేవి అక్కడే ఉండేదంటారు. వచ్చిన అమ్మ, ఉన్న అమ్మ ఒకే విగ్రహంలో సర్దుకున్నారు. ఇక తెలుగు కూడా ఓరుగల్లు నుంచే మొదటిసారి అక్కడికి పోలేదు. నాగవంశపు సోమేశ్వరదేవుడి రాణి గంగమహాదేవి బారసూరులో వేయించిన శాసనం తెలుగులోనే ఉంది.

అక్కడికి చేరిన కాకతీయులు ఎంత మారారో చూడండి. ఓరుగల్లులో ఉన్నప్పుడు వాళ్లు దుర్జయుడి వంశమని చెప్పుకున్నారు. నాలుగో వర్ణం వాళ్లమని చెప్పడానికి వాళ్ల కాలపు కొన్ని శాసనాలు సిగ్గుపడలేదు. 1703లో దిక్పాలదేవుడు దంతేవాడలో వేయించిన శాసనానికి వచ్చేసరికి అదే వంశం చంద్రవంశమై పాండవుల దాకా పోయింది. రాసింది భగవాన్ మిశ్ర అనే మైథిల పండితుడు. ఒకసారి సంస్కృతంలో రాసి, కలియుగంలో దేవభాష అందరికీ అర్థం కాదు కనుక అంటూ రెండోసారి అక్కడి వాడుక భాషలో చెక్కించాడు. రెంటిలోనూ తెలుగు లేదు. చాలా కాలం తరువాత వచ్చిన ఒక రాజు పేరు రుద్రప్రతాప్ దేవ్. మన ప్రతాపరుద్రుడి పేరే ముందుది వెనక్కీ వెనకది ముందుకీ మారింది. ఆయనకు మగపిల్లలు లేరు. కూతురు ప్రఫుల్లకుమారీదేవి గద్దెనెక్కింది, మయూర్‌భంజ్ రాజకుటుంబంలోని వరుణ్ణి పెళ్లాడింది, 1936లో లండన్‌లో కన్నుమూసింది. ఆమె కొడుకు ప్రవీర్‌చంద్ర ఇంటిపేరు భంజ్‌దేవ్. తండ్రి వరస లెక్కిస్తే కాకతీయ రక్తం అక్కడితో తెగిపోయింది. కానీ ఓరుగల్లులో మాత్రం తెగలేదా? రుద్రమదేవి తన కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుణ్ణి పెంచుకునే కదా వంశం నిలిపింది. ఆ రుద్రమ కూడా శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా, మగపేరుతో కనిపిస్తుంది. అంటే కాకతీయ అన్న పేరు మొదటి నుంచీ ఆడవాళ్ల చేతుల మీదుగా, మారు పేర్లతో, సాగతీసిన వంశవృక్షాలతో దాటుకుంటూ వచ్చింది. 2022 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాకతీయ వైభవ సప్తాహం జరిపి భంజ్‌దేవ్ ఇంటిపేరున్న కమల్‌చంద్రను ఓరుగల్లుకు పిలిచినప్పుడు, జనం ఆయన్ను కాకతీయుల వారసుడనే ఎదురెళ్లి తీసుకొచ్చారు. ఇంటిపేరు, గోత్రం మార్చుకుని మరో ఇంటికి వెళ్లిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు గుమ్మంలో నిలబెట్టి ‘నువ్వెవరు’ అని అడగరు కదా. మన ఇళ్లలో సగం మంది ఇలా మారి బతుకుతున్నవాళ్లే. మగవాళ్లకు వచ్చేసరికి మాత్రం మార్పు పెద్ద తాత్విక సమస్య అయిపోతుంది!

ఇక్కడ చరిత్రకారుడు అడ్డుపడతాడు, పడాలి కూడా. అన్నమదేవుడు ప్రతాపరుద్రుడి తమ్ముడన్నదానికి ఆ కాలపు ఓరుగల్లు సాక్ష్యం ఏదీ? 1703 శాసనం సంఘటన జరిగి 380 ఏళ్ల తరువాతది. గొప్ప వంశంతో చుట్టరికం కలుపుకోవడం మధ్యయుగపు రాజులకు పరిపాటి. ఒప్పుకోవలసిన మాటే. చుట్టరికం నిజమా కాదా అన్నది సాక్ష్యాల మీద తేలాలి, నమ్మకం మీద కాదు. కానీ బస్తర్ జనం రాజును రాజుగా ఒప్పుకున్నది శాసనం చదివి కాదు, దసరాలో ఆయన ఏం చేయవలసి ఉందో అది చేస్తున్నాడా అని చూసి. పండుగ మొదలు కావాలంటే మిర్గాన్ కులపు చిన్నపిల్ల దగ్గరికి రాజకుటుంబం వెళ్లాలి. ఆ పిల్ల ముళ్ల ఊయల మీద పడుకుంటుంది, కాఛన్ దేవి ఆమె మీదికి వస్తుంది, అనుమతి ఇస్తుంది. హల్బా యువకుడొకడు తొమ్మిది రోజులు గుంటలో కదలకుండా కూర్చుని పండుగ నిర్విఘ్నంగా సాగాలని జోగి దీక్ష పడతాడు. విజయదశమి రాత్రి మాడియాలు రథాన్ని దొంగిలించి కుమ్డాకోట్ తోపులోకి లాక్కుపోతారు. మర్నాడు రాజు అక్కడికే వెళ్లి, వాళ్లతో కలిసి కొత్త బియ్యపు అన్నం తిని, బతిమాలి రథాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. ఎప్పుడో ఒకసారి పట్టం కట్టారు కనుక రాజు అన్న లెక్క లేదు. ఏటేటా అడిగి రాజు కావాలి. రథాన్ని ఏటా కొత్తగా కట్టడంలోని అర్థం కూడా ఇదే. చెక్క పాతదై ఉండాల్సిన పనిలేదు. కట్టే ఊరు, లాగే ఊరు, దొంగిలించే హక్కున్న ఊరు తమ పనికి రావాలి. ఆ పనులు సాగినంత కాలం అదే రథం. ఇది గులామీతనం కాదనడానికి 1910 భూమ్‌కాల్ ఉంది. ఈ రథాలు లాగిన జనమే రుద్రప్రతాప్ దేవ్ ఏలుబడిలో విల్లంబులు పట్టుకుని తిరగబడ్డారు. ఇవ్వగలిగిన చేయి ఇవ్వకుండా ఉండనూ గలదు.

కాగితం మీది రాజుకూ జనం ఒప్పుకున్న రాజుకూ ఉన్న ఈ తేడాను ప్రభుత్వం ఒకసారి పరీక్షించి చూసింది. 1961లో ప్రవీర్‌చంద్ర రాచ గుర్తింపును రద్దుచేసి తమ్ముడు విజయ్‌చంద్రను మహారాజుగా ప్రకటించింది. కాగితం మారింది, జనం మారలేదు. 1966 మార్చి 25న జగదల్‌పూర్‌లోని సొంత కోటలోనే పోలీసు కాల్పుల్లో ప్రవీర్‌చంద్ర చనిపోయే దాకా వాళ్లకు ఆయనే రాజు, దంతేశ్వరికి ఆయనే పెద్ద పూజారి. సరే, జనం గుర్తింపే ప్రమాణమైతే ఇంకో చిక్కు ఉంది. 1970లలో బాబా బిహారీదాస్ అనే సాధువు చచ్చిపోయాడనుకున్న ప్రవీర్‌చంద్రను నేనేనని చెప్పుకున్నాడు. ఎంతోమంది నమ్మారు, ఆయన కట్టిన తులసి పూసల కంఠి మెడలో వేసుకుని మాంసం, సారా మానేశారు. జనం నమ్మితే వాడే వీడైపోతాడా? కాడు. బిహారీదాస్ చెప్పుకున్నది జరిగిన విషయం గురించి: తూటా తగిలిన ఒంట్లో ఉన్నవాడే ఈ ఒంట్లో ఉన్నాడని. అది నిజమో అబద్ధమో తేల్చదగ్గ మాట, అబద్ధం. నేను చెబుతున్న ఇచ్చిపుచ్చుకోలు అబద్ధాన్ని నిజం చేయలేదు. అది చేయగలిగింది ఒక్కటే: నిజంగా మారినవాడికి, మార్పు తరువాత కూడా మా మనిషివేనని చోటివ్వడం. మరి కంఠి కట్టుకున్నవాళ్ల సంగతి చూస్తే కథ ఇంకా తమాషాగా ఉంటుంది. బాబా ఎవరో తెలియకుండానే వాళ్లు తమ తిండీ తాగుడూ మార్చుకున్నారు. మారింది రాజు కాదు, వాళ్లు. ఆ మార్పు అబద్ధం కాదు.

ఇప్పటి కాలం నుంచి వచ్చే అభ్యంతరం దీనికంటే గట్టిది. మనిషి మారడానికి ఊరి అనుమతి ఎందుకు? నేను ఎవరినో నేను చెబుతాను, ఒప్పుకుంటే ఒప్పుకోండి, లేకపోతే పొండి అనే హక్కు లేకపోతే స్వేచ్ఛకు అర్థమేముంది? ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. మన సంప్రదాయంలో తెగదెంపుల మార్పుకు పరాకాష్ఠ సన్యాసం. తన శ్రాద్ధం తానే పెట్టుకుని, జుట్టూ జంధ్యమూ తీసేసి, పాత పేరు వదిలి లేచి వెళ్లిపోతాడు. సన్యాసిని చట్టం కూడా లౌకికంగా చనిపోయినవాడి కిందే లెక్కగట్టింది. అయినా కొత్త పేరు తనకు తాను పెట్టుకోడు, గురువు పెడతాడు. శంకరుడి కథలో మొసలి కాలు పట్టుకున్న ఘట్టమంతా దేనికి? తల్లి ‘సరే’ అనడానికి. లోకమంతా మిథ్య అని చెప్పబోయే పిల్లవాడు ఆ ఒక్క మాట లేకుండా గడప దాటలేదు. అయితే ఈ ఉదాహరణలన్నీ తల్లి ఒప్పుకున్నవి, గురువు చేరదీసినవి. తల్లి ఒప్పుకోకపోతే? ఊరు తలుపు మూస్తే? అక్కడే నా వాదనకు అసలైన ఇరుకు, దానికీ బస్తర్‌లోనే నిలువెత్తు ఉదాహరణ ఉంది.

2025 జనవరి 7న బస్తర్ జిల్లా ఛింద్‌వాడా ఊళ్లో ఒక క్రైస్తవ పాస్టరు చనిపోయాడు. కుటుంబానిది మహరా కులం, కొత్త మతం మూడు తరాలది. తమ పెద్దల్ని పూడ్చిన ఊరి శ్మశానంలోనే ఆయన్నూ పూడుస్తామని కొడుకు అడిగాడు. ఊళ్లో కొందరు కుదరదన్నారు, సొంత పొలంలో పూడ్చుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. శవం జగదల్‌పూర్ మార్చురీలో ఉండిపోయింది. హైకోర్టు కాదంది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులూ రెండు మాటలు చెప్పారు. సొంత భూమిలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న. ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల అవతల కర్‌కపాల్‌లో క్రైస్తవులకని కేటాయించిన శ్మశానం ఉంది, అక్కడికే తీసుకెళ్లాలని జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ. మరో ధర్మాసనానికి పంపితే ఇంకా ఆలస్యమవుతుందని, మూడు వారాలుగా మార్చురీలో ఉన్న మనిషిని తలచుకుని, కర్‌కపాల్‌లోనే పూడ్చాలని ఆదేశమిచ్చారు. ఊరి ఒప్పుకోలే గుర్తింపు అని నేనంటే, ఇదిగో ఊరు ఒప్పుకోలేదు, ఇక ఆయన ఆ ఊరివాడు కాదనాలా?

అనకూడదు. ఊరికి ఆ అధికారం లేదని చెప్పడానికి రాజ్యాంగం చాలు. కానీ ఊరి సొంత లెక్క ప్రకారమే లేదని నేనంటాను. పూర్వాచారం పేరుతో కాదన్నారు కాబట్టి ఆ పూర్వాచారాన్నే చూద్దాం. కొండగావ్ జిల్లా కేశ్‌కాల్ ఘాటు మీద భంగారామ్ దేవి గుడి ఉంది. భాదోం (భాద్రపద) నెల జాత్రలో అక్కడ దేవుళ్ల మీద విచారణ జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లు తమ దేవుళ్లను మోసుకొస్తాయి. పంట కాపాడలేదనీ, రోగం తగ్గించలేదనీ ఫిర్యాదులు వినిపిస్తారు. కోడిని సాక్షిగా నిలబెట్టి ఆ తరువాత వదిలేస్తారు. నేరం రుజువైన దేవుణ్ణి గుడి వెనక చెట్ల కింద పడేస్తారు, వంటిమీది నగలతో సహా. ఎవరూ ముట్టుకోరు. అయితే శిక్ష అంతటితో అయిపోదు. ఆ దేవుడు తన తీరు మార్చుకున్నాడని అనిపిస్తే మళ్లీ లేవదీసి ఊరికి తీసుకెళతారు. తప్పు చేసిన దేవుణ్ణి కూడా వాదన వినకుండా వెళ్లగొట్టని నేల అది. వెళ్లగొట్టినా తిరిగి వచ్చే దారి ఉంచిన నేల. అలాంటిచోట ఏ తప్పూ చేయని మనిషిని, తాతను పూడ్చిన మట్టిలోకి రానివ్వకపోవడం పూర్వాచారం కాదు, పూర్వాచారం మరిచిపోవడం. పైగా ఇచ్చిపుచ్చుకోలు ఒకవైపు నుంచి నడవదు. ఆ కుటుంబం మతం మార్చుకున్నా అదే పొలం దున్నింది, అదే ఊళ్లో ఉంది, చివరికి అదే మట్టి అడిగింది. సంబంధం తెంచుకోవాలనుకున్నవాడు శ్మశానంలో చోటు అడుగుతాడా? ‘నేను ఇక్కడివాణ్ణే’ అని మనిషి చెప్పగలిగిన ఆఖరి మాట అది. ‘వాడే వీడు’ అని పలకవలసినవాడు తెలిసీ నోరు మూసుకుంటే దేవదత్తుడు దేవదత్తుడు కాకుండా పోడు. మూసుకున్నవాడు సాక్ష్యం ఎగ్గొట్టినవాడవుతాడు, అంతే.

గిరిజన దేవతల నేలలో గుడిని, గుట్టను, తోపును నమ్ముకుని బతికే ఊళ్లకు వాళ్ల భయాలు వాళ్లకున్నాయి, నిజమే. మతం మారినవాడు ఊరి జాత్రకు చందా ఇవ్వడు, పూజకు రాడు, తోపులో కోడిని కోయడు; వంద చేతులు కలిస్తేనే కదిలే రథానికి పది చేతులు తగ్గుతాయి. ఆ బాధను వెటకారం చేయడం నగరవాసుల దుర్గుణం. కానీ తగ్గిన చేతుల లెక్క బతికున్నవాళ్లతో తేల్చుకోవాలి. శవంతో తేల్చుకునేది కాదు. శంకరుడి కథలోనే ఇంకో సగం ఉంది, మనం దాన్ని మొసలి సగంలా చెప్పుకోం. తల్లి ఆర్యాంబ చివరి ఘడియల్లో ఇచ్చిన మాట ప్రకారం ఆయన కాలడికి తిరిగి వచ్చాడు. సన్యాసికి కర్మ చేసే అధికారం లేదని జ్ఞాతులు పక్కకు తప్పుకున్నారు. పాడె మోయడానికి ఒక్కరూ రాలేదు, నిప్పు ఇవ్వలేదు. పేరు మారినవాడు, శ్రాద్ధం పెట్టుకుని చచ్చిపోయినవాడు, తన ఇంటి పెరట్లోనే అరటి బోదెలు పేర్చి తల్లిని దహనం చేశాడని అంటారు.